కన్నులకు కట్టిన ఆట

కామారెడ్డి, ఎల్లారెడ్డి అను రెండు పట్టణములును పేర్లనుబట్టి అన్నదమ్ములవలె వినబడునవే యైనను, వినోదము వాటిని చేరిన త్రోవలు మాత్రము వేఱు. హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు రాజమార్గమును, సికిందరాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుమార్గమును కామారెడ్డి గుండా సాగుటచేత, ఇరువదవ శతాబ్ది ఆరంభము మొదలుకొని నగరమున పుట్టిన వేడుక ఱేపో మాపో ఆ స్టేషనులో దిగుచుండెను. ఎల్లారెడ్డికి రైలు నేటికిని లేదు. మెదకు నుండి బాన్సువాడకు పోవు దారిలో, ఒక దెస పోచారము అడవియు, మఱియొక దెస నిజాంసాగరపు పల్లెలును హద్దులుగా గల ఆ తాలూకా కేంద్రమునకు క్రొత్త వేడుక ఆలస్యముగా చేరెడిది, కాని చేరిన పిదప అంత త్వరగా విడిచిపోయెడిది కాదు. 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు రెండును నిజామాబాదు జిల్లాలోనివి. ఆ దినమున కామారెడ్డి జిల్లా ఏర్పడగా ఎల్లారెడ్డి అందొక రెవిన్యూ విభాగమైనది. ఈ సీమ జనులు ఆటను ఏ రీతిని ఎన్నుకొనుచు వచ్చిరి, వారి పక్షమున ఎవరెవరు ఎన్నుకొనిరి, ఎన్నుకొన్నదానిని ఎట్లు అనుభవించిరి అను ముచ్చటను, నేడు కొన్ని యిండ్లలో బాలురు కన్నులకు కట్టుకొని ఆడుచున్న వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్టు దాక అనుసరించి చూడవలెనని నా ఉద్దేశము.

పూర్వపు పల్లెలలో ఆట నెన్నుకొనుట ఒక్కని ఇచ్ఛకు విడిచిన పని కాదు. ఋతువు కొంత, కులము కొంత, దేవత కొంత కలిసి దానిని నిర్ణయించెడివి. వానలు వెనుదీసిన యేట విరాటపర్వము చదివించుటయో ఆడించుటయో తెలుగునాట పలుచోట్ల నున్న ఆచారము. మాదిగవారిని ఆశ్రయించి, వంశపారంపర్యముగా మిరాశీ గ్రామములను పంచుకొని తిరుగు చిందు భాగవతులు ఊరికి రాగానే, ఆ రాత్రికి ఏ కథ కట్టవలయునో పెద్దలు కూర్చుండి మాటలాడుకొనెడివారు. మాదిగల కులకథయైన జాంబ పురాణము మాత్రము ఎవరును కోరవలసిన పని లేక, ఆశ్రయమిచ్చినవారి కొఱకు ఆడి తీరవలసినదే. నిజామాబాదు జిల్లాకు చెంది, స్త్రీ పురుష పాత్రలు రెండింటను జీవితమంతయు చిందులాడి, 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ పేరు వినని కళాప్రియుడు తెలంగాణమున అరుదు. ముదిరాజుల యెదుట కాకిపడిగెలవారును, పద్మశాలీల యెదుట కూనపులివారును పటము దించి కథ చెప్పుదురు. చింతగింజల జిగురు పట్టించిన గుడ్డమీద నకాషీ చిత్రకారులు ఎఱ్ఱని నేలపై వ్రాసిన ఆ బొమ్మల వరుసలలో, కథకుడు పుల్లతో చూపిన గడిమీదనే వందలమంది చూపును ఒక్కటై నిలిచెడిది. చూడవలసినది ఏదో చెప్పువాడు ఒకడు వెలుపల నిలువబడి యుండుట ఆ కళకు ప్రాణము. ఈ సంగతిని పాఠకుడు కొంచెము జ్ఞప్తియం దుంచుకొనవలయును. హెడ్‌సెట్టు చరిత్రలో దీనితో మరల పని పడును.

పిల్లల ఆటలకును పంచాంగము వంటి దొకటి యుండెను. కోతలైన పొలములలో చిర్రగోనెయు, సంక్రాంతికి పతంగులును, హోళీకి ముందు వెన్నెల రాత్రులలో కోలలు తాకించుచు ఇల్లిల్లు తిరుగు జాజిరియు, బతుకమ్మకు ముందు కన్నెపిల్లల బొడ్డెమ్మయు, ఎండలు మండు వైశాఖ మధ్యాహ్నములలో నీడపట్టున వామనగుంటలు, పచ్చీసు, అష్టాచెమ్మయు, గుడి అరుగు రాతిమీద గీతలు గీచి యాడు పులిమేకయు, ఇట్లు ఏ ఆట ఎప్పుడు ఆడవలయునో నేలయు ఎండయు చెప్పుచుండగా, ఏది మేలని తలపట్టుకొను బాధ ఆ బాలురకు లేదు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీరకు అడ్డు నిలిచిన పిదప, కాలువ పాఱిన పల్లెలలో రెండవ పంటయు, చెఱకును ప్రవేశించి, కోతల తరువాతి తీరిక కుఱుచయైనదని నేను తలచెదను. నీరు వచ్చుటచే కడుపు నిండినది, కాని ఎండిన మళ్ళలో ఆడుటకు మైదానము మాత్రము తగ్గినది. ఎల్లారెడ్డి మెట్ట పల్లెలలో చిర్రగోనె దీర్ఘకాలము నిలుచుటకు ఇదియు నొక హేతువు కావచ్చును.

ఇక సంతలకును జాతరలకును మూడుకాళ్ళ పీటపై రంగుల పెట్టెను మోసికొని వచ్చు బయస్కోపువాని యొద్దకు వత్తము. పెట్టె ముందఱ గుండ్రని కంతలు, కంతలలో భూతద్దములు, లోపల ఒక కఱ్ఱనుండి మఱియొక కఱ్ఱకు చుట్టుకొను బొమ్మల చుట్ట. పైన గంటయో, చేత తాళములో. హాలీ పైసయో పిడికెడు గింజలో ఇచ్చిన బాలుడు మోకాళ్ళమీద కూర్చుండి, ప్రక్క వెలుతురు సోకకుండ రెండు అరచేతులను కణతల కానించి, అద్దమునకు కన్నానించెడివాడు. ఆ అరచేతులలోనే హెడ్‌సెట్టు పుట్టినది. ఇప్పటి కంపెనీలు మెత్తని అంచు కుట్టి అమ్ముచున్నది ఆ చీకటినే. చుట్టునున్న లోకము ఒక క్షణము మాయమైనగాని కనుల యెదుటి లోకము సత్యమని మనస్సు ఒప్పుకొనదు. వాడు కాశి చూపును, ఢిల్లీ చూపును, రాజులను రాణులను చూపును. ఏది ఎంతసేపు చూడవలయునో తానే నిర్ణయించి, కఱ్ఱ త్రిప్పుచు, పాటగా వర్ణించుచు పోవును. లోపలి బొమ్మ వెలిసిపోయి యున్నను వాని గొంతు దానికి రంగు పూసెడిది. చుట్టు నిలిచిన పిల్లలు పెట్టెలోనిది చూడకయే సగము వినోదమును విని అనుభవించెడివారు.

ఆ పెట్టెలోని బొమ్మ చదునైనది. దానికి లోతు కల్పించు విద్య అంతకు ముందే విలాయతిలో పుట్టియుండెను. రెండు కన్నులును ఒకే వస్తువును కొంచెము వేఱువేఱుగా చూచుననియు, ఆ భేదమునుండియే మనస్సు దూరమును లెక్కించుననియు 1838లో చార్లెస్ వీట్‌స్టన్ తన స్టీరియోస్కోపుతో నిరూపించెను. డేవిడ్ బ్రూస్టరు 1849లో దానికి కటకములు అమర్చి చేతిలో పట్టు పెట్టెగా మలచెను. 1851 నాటి లండను మహాప్రదర్శనమున దానిని చూచి విక్టోరియా రాణి ముచ్చటపడినదని ప్రసిద్ధి. రెండు ఛాయాచిత్రములను ప్రక్కప్రక్కన అతికిన అట్టముక్కలు ధనవంతుల యిండ్లకు అలంకారమైనవి. మన సీమలో గడీల దొరల బల్లలమీదికి అట్టివి కొన్ని వచ్చినను రాకున్నను, సామాన్యునికి లోతుతో కూడిన బొమ్మ మొదట దొరకినది సినిమాహాలులోనే. 1984లో కేరళమున తయారైన మన దేశపు తొలి త్రీడీ చిత్రము తెలుగున ‘చిన్నారి చేతన’ యై వచ్చినపుడు, ద్వారముకడ ఇచ్చిన కళ్ళజోడు పెట్టుకొన్న ప్రేక్షకులు తెరనుండి చాచిన వస్తువును అందుకొనుటకు చేతులు చాచిరి. ఆ చేయి చాచుట మనకు ముఖ్యము. బొమ్మను చూచి ఊరకుండక, దానిని పట్టుకొనవలెనను కోరిక శరీరమునకు పుట్టినది. అది తీరుటకు మఱి మూడు దశాబ్దములకు పైగా పట్టినది.

ఈ నడుమ మన పట్టణములకు వినోదపు సామగ్రి పెట్టెలలో సర్దుకొని వచ్చుట ఆరంభమైనది. ఈ జిల్లానుండి దుబాయి, మస్కటు నగరములకు పనికై పోయిన వలస కార్మికులు సెలవుమీద వచ్చునపుడు తెచ్చిన టేపురికార్డర్లు, వీసీఆర్‌లు అరుగులమీద చిన్న సినిమాహాళ్ళను నిలిపినవి. తరువాత 1990ల దశకమున టీవీకి తగిలించి, క్యాసెట్టు గ్రుచ్చి, మారియో, కాంట్రా ఆడించు వీడియోగేముల కొట్లు. ఆ వెనుక ఇంటర్నెట్ సెంటర్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిదప అరచేతి ఫోనులోనే అన్నియును. గంటకింత యని లెక్క కట్టి ఆడించిన ఆ కొట్లలో ఆడువాని వెనుక నలుగురు నిలువబడి “అటు దుంకు, ఇటు కొట్టు” అని అఱచెడివారు. ఫోను వచ్చినంతనే ఆ నలుగురును ఎవరి ఫోనులోనికి వారు పోయిరి. చరిత్రకారుడు నమోదు చేయవలసిన మార్పు నా మతమున ఫోను రాక కాదు, వెనుక నిలిచినవారి పోక.

హెడ్‌సెట్టు వంశవృక్షమును కొంచెము వివరముగా చెప్పక తప్పదు. 1962లో మోర్టన్ హైలిగ్ అను అమెరికా దేశీయుడు సెన్సొరామా అను పెట్టెకు పేటెంటు పొందెను. ఒక్కడే కూర్చుండి తల దూర్చి చూడగా బ్రూక్లిను వీథులలో మోటారు సైకిలుపై పోవు అనుభవము, గాలియు వాసనయు కుదుపును సహా కలిగెడిది. మన బయస్కోపు పెట్టెకు అది ధనవంతుడైన బంధువు; అందును చూచువానికి ఎన్నిక లేదు, తల త్రిప్పిన బొమ్మ మాఱదు. 1968లో ఐవాన్ సదర్లాండు చేసిన తలపెట్టె ఆ గోడను కూల్చెను: తల యెటు తిరిగిన బొమ్మయు అటు తిరుగును, ఐతే యంత్రపు బరువును తల మోయలేనందున దానిని ఇంటికప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చెను, కనబడినదియు గీతల పెట్టె యొక్కటే. 1995లో నింటెండో సంస్థ వర్చువల్ బాయ్ అని యొక దానిని అమ్మజూపెను. ఎఱ్ఱగీతలు తప్ప వేఱు రంగు లేని ఆ వస్తువు ఏడాది గడవకయే అంగళ్ళనుండి తొలగినది. దీని నంతటిని మార్చినది చరవాణి. ఫోనుల కొఱకై కోట్ల సంఖ్యలో తయారైన చిన్న తెరలును, కదలికను పసిగట్టు చిన్ని పలకలును చౌకపడగా, 2012లో పామర్ లక్కీ అను యువకుడు ఆక్యులస్ రిఫ్టు అను హెడ్‌సెట్టు కొఱకు జనులనుండి చందా సేకరించెను. 2014లో ఫేస్‌బుక్కు ఆ సంస్థను సుమారు 200 కోట్ల డాలర్లకు కొనెను. అదే యేట గూగులువారు అట్టముక్కను మడిచి, రెండు కటకములు అమర్చి, నడుమ ఫోను పెట్టు కార్డుబోర్డును వెలువరించిరి. కామారెడ్డి వంటి పట్టణముల బాలురు వీఆర్‌ను మొదట ఎఱిగినది దీని ప్లాస్టికు అనుకరణలవలననే. 2023లో ఐపీఎల్ చూచుటకై జియో సంస్థ 1,299 రూపాయలకు విక్రయించిన డైవ్ కూడ ఆ జాతిదే. అవి చూపునవే గాని ఆడించునవి కావు. చేతులు లేని కన్నులు.

మన యిండ్లకు చేతులు వచ్చినది 2019 మేలో వెలువడిన క్వెస్టు హెడ్‌సెట్టుతో. తీగ లేదు, కంప్యూటరు లేదు. అర కిలో పైబడిన బరువు తలమీద, రెండు చేతిపిడులు పిడికిళ్ళలో, ముందఱనున్న కెమెరాలు గదిని చూచుచు శరీరము ఎచట నున్నదో లెక్కించుచుండును. ఆ తొలి క్వెస్టు గాని, 2020లోని రెండవది గాని వెలువడిన నాడు మన దేశపు అంగళ్ళలో అధికారికముగా లేవు. అమెరికాలో పనిచేయు కొడుకు సంచిలోనో, గల్ఫునుండి వచ్చు బావ పెట్టెలోనో అవి వచ్చినవి. టేపురికార్డరు వచ్చిన దారియే యిది. రైలు స్టేషను గల కామారెడ్డికిని, రైలు లేని ఎల్లారెడ్డికిని మధ్య నూఱేండ్లుగా నున్న తారతమ్యము ఈ దారిలో పని చేయదు. విమానాశ్రయమునుండి కారెక్కిన పెట్టె ఏ యింటికి పోవునో ఆ యింటికి మొదట పోవును.

అప్పుడు మొదలగును ఎన్నిక చిక్కు. ఋతువు చెప్పదు, కులపెద్ద చెప్పడు, బయస్కోపువాడు లేడు. తెరపై వందల ఆటలు వరుసగా నిలిచి యుండును. క్రొత్తగా కొన్నవాడు సామాన్యముగా చేయు తప్పు, మొట్టమొదట రోలర్ కోస్టరు ఎక్కుట. కన్ను వేగముగా పోవుచున్నదని చెప్పును, చెవిలోపలి సమతౌల్యపు అవయవము కదలుటలేదని చెప్పును. ఈ రెండు సాక్ష్యముల వైరుధ్యమును భరింపలేక కడుపు త్రిప్పును. బొమ్మ కదలక, ఆడువాడు తన కాళ్ళమీద తాను నిలిచి, తన చేతులనే ఆడించు ఆటలలో ఈ బాధ లేదు. అందుచేతనే 2018లో ప్రాగు నగరమున తయారైన బీట్ సేబరు లోకమంతట మొదటి ఆటగా నిలిచినది: ఎదుటినుండి పాట తాళమునకు వచ్చు రంగుదిమ్మెలను రెండు చేతుల రెండు కాంతికోలలతో, వేసిన బాణపు గుఱుతు దిక్కుననే నఱకవలయును, తాళము తప్పిన దిమ్మె తప్పును. జాజిరి కోలలు పట్టిన చేతులకు ఇది క్రొత్త విద్య కాదు. కోలాటము తెలిసిన ఆడపిల్ల దీనిని మగపిల్లలకంటె త్వరగా పట్టుకొనుటలో ఆశ్చర్యమేమి? ఎదుటివాని కోల తగిలి చేతికి వచ్చు ఆ గట్టి తాకిడి మాత్రము దీనియందు లేదు. చేతిపిడి సన్నగా వణికి ఊరకుండును. ఆ లోటును ఏ కంపెనీయు ఇంకను తీర్చలేదు.

క్రికెట్టుపై మక్కువ గలవారికి మన హైదరాబాదు నగరమే ఒక ఆటను ఇచ్చినది. ప్రోయుగ అను సంస్థ 2018లో వెలువరించిన ఐబీ క్రికెట్టునందు క్రీజులో నిలిచి, వచ్చు బంతిని బ్యాటుతో ఎదుర్కొనవలయును. బౌలింగు, ఫీల్డింగుల పరుగులను విడిచి బ్యాటింగును ప్రధానముగా తీసికొనుట ఆ నిర్మాతల వివేకము. వీఆర్ గదిలో పరుగెత్తుటకు చోటు లేదు గదా. రాజమౌళి చిత్రముల లోకమునుండి, తెలుగువాడైన రాజా కోడూరి నేతృత్వమున నుండిన రేడియాన్ అను గ్రాఫిక్సు విభాగముతో కలిసి 2017లో రూపొందిన బాహుబలి వీఆర్ చిత్రము కూడ ఈ శాఖదే, కాని అది కంటితో త్రాగవలసినది, చేతితో ఆడవలసినది కాదు. బల్లబంతి, చిన్న గోల్ఫు వంటి నెమ్మది ఆటలును, ఎత్తైన మేడ అంచునుండి పలకమీద నడిపించు రిచీస్ ప్లాంకును, శత్రువులు మనము కదలినపుడే కదలు సూపర్‌హాటును ఒక్కొక్క ప్రకృతికి ఒక్కొక్కటి నప్పును. కథా గాంభీర్యము కోరువారికి 2020 నాటి హాఫ్-లైఫ్ అలిక్స్ ఈ కళకు కావ్యస్థానమున నున్నది. ఐతే దానికి బలమైన కంప్యూటరు కావలయును, మన యిండ్లలో ఆ ఖర్చుకు ఒప్పించుట ఆటకంటె కష్టము.

ఆటను నిర్ణయించుటలో ఇంటికిని పాలు కలదు. నిలువుగా రెండు మీటర్లు, అడ్డముగా రెండు మీటర్లు అడ్డులేని నేల కావలెనని తయారీదారులు చెప్పుదురు. మంచములు, కుర్చీలు, బియ్యపు సంచులు నిండిన అర్రలో అది దొరకదు, ముందఱి వాకిట దొరకును, కాని ఎండ నేరుగా కటకములపై పడిన లోపలి తెర కాలిపోవును గావున పగలు వాకిలి పనికిరాదు. తలపైన తిరుగు పంకా మఱియొక అపాయము: దిమ్మెను పైకి నఱికిన చేయి దాని రెక్కను తాకు కథలు వీఆర్ ఆడు ప్రతి దేశమునందును వినబడును, కప్పు తక్కువ యెత్తున్న మన యిండ్లలో మఱింత. మే నెలలో ముఖపు చెమటకు కటకములు మసకవాఱును. కనుపాపల నడుమ దూరము పెద్దలలో సగటున 63 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండుటచేత, అంతకు తక్కువగానున్న బాలునికి పెద్దల కొలతకు సర్దిన అద్దము తలనొప్పి తెచ్చును; పదేండ్ల లోపువారికి క్వెస్టు చేయు కంపెనీయే వలదనుచున్నది. ఈ కారణములన్నియు కలిసి ఒక క్రొత్త పంచాంగమును వ్రాసినవి: చలికాలపు సాయంత్రము, పంకా ఆపి, మంచము గోడకు చేర్చి, అర్ధగంట.

ఆ అర్ధగంటలో జరుగు ముచ్చట చూడదగినది. ఎల్లారెడ్డి వంటి ఊళ్ళలో ఇంటికొక్క హెడ్‌సెట్టు కూడ లేనందున ఒక యింటి కొకటి వచ్చిన వాడకట్టు పిల్లలందఱును అచటనే చేరుదురు. “కండ్లకు గంతలు గట్టుకొని గాలిని గొడుతున్నవేంది బిడ్డా?” అని బాపమ్మ అడుగును, “నువ్వొక్కసారి పెట్టుకో బాపమ్మా, గప్పుడు తెలుస్తది” అని మనుమడు. ఆమెకు ఆట కాక కాశీ ఘట్టముల చుట్టుచూపు చిత్రమును పెట్టుట వాడు నేర్చిన వివేకము. ముఖ్యమైన మీటయొకటి కలదు, దానిని చాలమంది ఎఱుగరు: లోపల కనబడునది టీవీమీద కూడ కనబడునట్లు చేయవచ్చును. అది నొక్కినంతనే గది మాఱిపోవును. ఒకడు కన్నులు కట్టుకొని ఆడుచుండగా పదిమంది టీవీలో అదే చూచుచు “వెనుకకు చూడు, పైన వస్తున్నది” అని అఱతురు. వీడియోగేముల కొట్టులోని ఆ నలుగురు మరల వచ్చి నిలుతురు. బయస్కోపు పెట్టెలో లోపలివాడు చూచెడివాడు, వెలుపలివాడు చెప్పెడివాడు; ఇచట ఇరువురును చూచుచున్నను వెలుపలివానికే తెలివి యెక్కువ, ఏలయన పంకా ఎచట నున్నదో వానికి మాత్రమే కనబడును. వందల ఆటలలో ఏది కొనవలెనని నన్ను అడిగినచో, టీవీమీద చూచువారికి కూడ అర్థమగు దానిని కొనుమనుచు, ఒక్కరే మునిగిపోవు దీర్ఘకథలను వెనుకకు పెట్టుమందును. రిచీస్ ప్లాంకునందు ఏమున్నది? నేలమీద నిలిచినవాడు ఎనుబదవ అంతస్తున నున్నట్లు వణకుట. ఆ వణకుట నవ్వించునది ఆడువానిని కాదు, చూచువారిని.

ఈ ఆటల తెరలపై తెలుగు అక్షరము అరుదు. సూచనలన్నియు ఇంగ్లీషున నుండుటచేత ఇంటిలో చదువుకొన్న పిల్లయొకతె దుబాసిగా నిలిచి, ఏ మీట నొక్కవలెనో, ఏ ద్వారము తెఱవవలెనో తాతకును తమ్మునికిని చెప్పుచుండును. పటము కథలోని పుల్ల ఆమె చేతికి వచ్చినది. చిందు భాగవతమును చుట్టుచూపు కెమెరాతో పట్టవలెనని తలచువా రెవరైన నున్నచో వారికొక సూచన: కెమెరాను రంగస్థలమున కెదురుగా కుర్చీల వరుసలో నాటిన ప్రయోజనము లేదు, మూడు దెసల జనులు కూర్చుండు ఆ ఆటలో పాత్రధారి తిరుగుచు చిందువేయు చోటి నడుమనే, కూర్చున్న మనిషి కంటి యెత్తున, దానిని నిలుపవలయును. మసక వెలుగున ఈ కెమెరాల బొమ్మ ముద్దయగును గనుక దీపాల విషయము ముందుగా ఆడువారితో మాటలాడుకొనవలెను. ఏ కథ కట్టవలెనన్నది మాత్రము ఊరి పెద్దలకే విడుచుట మంచిది.